రాజేశం బేస్‌కు ఆ గొంతు ఎక్కడిది

ఏ కట్టె అని మొదలుపెట్టకండి

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఫోన్ తీసి ఒక పల్లెపాట పెడతారు. డప్పు, పైన ఆడగొంతు, అడుగున బేస్ గిటార్. "అంకుల్, గీ బేస్ మీరు చేసిందే గదా? ఏం కట్టె అది?" అంటారు. అక్కడే నాకు తిక్క లేస్తుంది. వాయించే మనిషి ఎవరని అడగరు, ఎట్లా వాయిస్తాడని అడగరు. కట్టె కావాలి వీళ్లకు!

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎప్పుడూ రాలేదు. కోరుట్లలో నా షాపు వేరేవాళ్లకు అప్పజెప్పి పని మానేశాక మరీ ఎక్కువైంది. పొద్దున లేచింది మొదలు వాకిట్లోంచి గేటు దాకా, గేటు నుంచి మళ్లీ వాకిట్లోకి. మా ఆవిడ "నీ కాళ్లకు చక్రాలున్నయా ఏంది? జర కూసో" అని అరుస్తుంది. కూర్చుంటే చేతులు ఊరుకోవు. కుడిచేతికి వణుకు వచ్చింది కాబట్టి ఉలి పట్టలేను. పెన్ను వణికితే ఎవరికీ దెబ్బ తగలదు కదా అని రాస్తున్నాను. వచ్చిన ప్రతి పిల్లవాడికీ మొదటి నుంచి చెప్పే ఓపిక కూడా నాకు లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. బేస్ గిటార్ అంటే నాలుగు లావు తీగలు, పొడుగు మెడ ఉన్న గిటార్. మామూలు గిటార్ పాట పైన మెరుస్తుంది, ఇది అడుగున నడుస్తుంది. పాట వినేవాళ్లలో చాలామందికి అది ఉందని కూడా తెలియదు. కంపెనీ బేస్‌లు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక మనిషి ఒంటినీ చేతినీ చూసి, అతని కోసమే కూర్చుని చేసిన బేస్ వేరు. నా చేతుల్లో అలాంటివి కొన్నే వచ్చాయి. వాటిలో ఒకదాని కోసం హైదరాబాద్ నుంచి కూడా మనుషులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. దాని సంగతే ఇది.

జగిత్యాల ఉస్తాద్

మాది వడ్లపని చేసే ఇల్లు. నాగళ్లు, దర్వాజాలు, మంచాలు. నాకు వాటి మీద మనసు లేదు. కట్టెను వేలితో కొట్టి ఆ చప్పుడు వింటూ నిలబడేవాణ్ని, మా నాయన నెత్తిమీద ఒకటి ఇచ్చేవాడు. చివరికి విసిగిపోయి జగిత్యాలలో హార్మోనియం బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర వదిలాడు.

ఉస్తాద్ నోరు మహా చెడ్డది. పేరు పెట్టి పిలిచిన రోజు నాకు గుర్తు లేదు. తిట్లు ఎక్కువ, నేర్పడం తక్కువ. మా వయసు వాళ్లు "తిట్టిండ్రు కాబట్టే పనొచ్చింది" అంటుంటారు, నమ్మకండి. తిట్టకపోతే ఇంకా తొందరగా వచ్చేది. నా కింద పనిచేసినవాళ్లను నేనూ తిట్టాను, వాళ్లేమీ దానివల్ల బాగుపడలేదు.

కానీ ఒకరోజు చూసింది మాత్రం జీవితాంతం పనికొచ్చింది. బుగ్గారం నుంచి ఒక భజనాయన హార్మోనియం మోసుకొచ్చాడు. "సాబ్, ఏడోసారి రిపేరు. స్వరం మధ్యల తెగుతున్నది" అన్నాడు. అంతకు ముందు ఎవరెవరో దాని లోపలి పలకలన్నీ మార్చేశారు. ఉస్తాద్ పెట్టెను ముట్టుకోలేదు. "బజావో" అని ఎదురుగా కూర్చున్నాడు. ఆయన వాయిస్తుంటే ఉస్తాద్ హార్మోనియం మెట్ల వైపు చూడలేదు, ఆయన ఎడమ భుజం వైపే చూశాడు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న చెయ్యి అది. గాలి కొట్టే తిత్తి ఆ చేతికి బరువైపోయింది. ఉస్తాద్ తిత్తి వెనక స్ప్రింగు కొంచెం సడలించాడు, అంతే. భజనాయన వాయించి వాయించి ఏడ్చేశాడు.

"పెట్టెల ఏముంది బే? ముందుగాల మనిషిని చూడు" అన్నాడు ఉస్తాద్ నాతో. తిట్టకుండా చెప్పిన మాట అదొక్కటే.

పాడైన నడుము

ఆ బేస్ వాయించే రాజేశంది కూడా బుగ్గారం పక్కనే. కల్లుగీత కార్మికుల ఇల్లు. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము మాత్రం పాడైంది. చెట్టెక్కే పని పోయింది. తర్వాత దుబాయ్ వెళ్లాడు. అక్కడ క్యాంపులో ఒకే రూములో ఉన్న గోవా మనిషి దగ్గర బేస్ వాయించడం నేర్చుకున్నాడు. బరువులెత్తే పని నడుము వల్ల కాలేదు, తిరిగొచ్చాడు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించడం మొదలుపెట్టాడు.

నా షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు ఒక కంపెనీ బేస్ తెచ్చాడు. కౌంటర్ మీద పెట్టి, నడుము పట్టుకుని, "అన్నా, రెండు పాటలకే నడుము పట్టేస్తుంది. కుర్సీల కూసుంటే జనం నవ్వుతున్నరు. వాయించుడు నాకస్తది. మోసుడే అస్తలేదు" అన్నాడు.

నేను ఒక మోటు పలకకు బెల్టు కట్టి అతని మెడలో వేశాను. నిలబడమన్నాను, నడవమన్నాను, లేని తీగల మీద వాయించమన్నాను. బేస్ తల బరువైతే ముందుకు వాలుతుంది. వాలకుండా ఎడమచెయ్యి దాన్ని మోస్తూనే ఉండాలి. ఆ బరువు భుజంలోకి, భుజం నుంచి నడుములోకి పోతుంది. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: బేస్ తూకం కాటా మీద చూసేది కాదు, మెడలో వేసి చేతులు వదిలేసి చూసేది. వదిలేసినా అది ఉన్నచోటే ఉండాలి.

బేస్ ఒళ్లు గుమ్మడి టేకుతో చేశాను, తేలికగా ఉంటుందని. పక్కటెముకలు ఆనేచోట లోతుగా తొలిచాను. బెల్టు తగిలించే కొమ్మును బాగా ముందుకు సాగదీశాను. చూడ్డానికి వంకరగా ఉందని షాపుకు వచ్చినవాళ్లు నవ్వారు. మెడకు టేకు, పైన వేలు నడిచే పలకకు గట్టి జిట్రేగు కట్టె. రాజేశం అరచెయ్యి చెట్లెక్కి ఎక్కి మొద్దుబారింది. సన్నని మెడ ఆ చేతికి ఆనదు. అతన్ని పక్కన నిలబెట్టుకుని, కొంచెం గీకి చేతికిచ్చి, మళ్లీ తీసుకుని, మళ్లీ గీకి చేశాను. అతను విసుక్కున్నాడు, నేనూ విసుక్కున్నాను. నాలాంటి నిలకడ లేనివాడికి ఆ గీకుడు ఒక శిక్ష.

ఇక పికప్. తీగల కింద చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగితీగ వేల చుట్లు. పైన తీగ ఊగితే ఈ చుట్టలో కరెంటు పుడుతుంది. అదే స్పీకర్‌లోకి పోయి స్వరమవుతుంది. సన్నతీగ రీలు హైదరాబాద్ నుంచి తెప్పించి, నా పక్క షాపులో మోటార్ వైండింగ్ చేసే నర్సయ్యకు ఇచ్చాను. బావుల మోటార్లు కాలితే రాగితీగ మళ్లీ చుట్టి బతికించే పని అతనిది. కొన్నాళ్లకు చుట్ట మీద బట్టపట్టీ కట్టి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. నేను పైన తేనెమైనం కరిగించి పోసి, బేస్‌లో బిగించాను.

మొదటిసారి రాజేశం వాయించినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్వరం లావుగా ఉంది, కానీ మొద్దుగా లేదు. వేలు తీగను రాసిన చప్పుడు వేరుగా, ఆ వెనకే వచ్చే స్వరం వేరుగా వినిపిస్తున్నాయి. డప్పు పక్కన మునగదు, పాడేవాళ్ల గొంతు మీదికి ఎక్కదు. "అన్నా, ఇది మాట్లాడుతున్నది" అన్నాడు రాజేశం.

కల్లు పోసినవాడు

ఆ తర్వాత పల్లెపాటల కాలం వచ్చింది. ఊరికో పాట, పాటకో వీడియో. కరీంనగర్‌లో ఒక స్టూడియో అతను రాజేశం బేస్ విని, ఆర్కెస్ట్రా మానిపించి, తన రికార్డింగులన్నింటికీ పిలవడం మొదలుపెట్టాడు. కూర్చుని వాయించవచ్చు, ఇంటి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. రాజేశం ఒళ్లు చేశాడు. అతని భార్య పద్మ బీడీలు చుట్టుకుంటూ ఫోన్‌లో "మా ఆయన పాట" అని వాడకట్టు అంతటికీ వినిపించేది.

దాంతో నా షాపుకు తాకిడి. అందరికీ ఒకటే కోరిక, రాజేశం బేస్ లాంటిదే కావాలి. చేశాను. తేలికగానే వచ్చాయి, మెడలో నిలిచాయి, చేతికి బాగున్నాయి. పికప్‌లు కూడా నర్సయ్య దగ్గరే చుట్టించాను. తీసుకున్నవాళ్లు సంతోషంగానే తీసుకున్నారు. ఆ గొంతు మాత్రం లేదు. "మంచిగున్నది గాని, గదైతే కాదు" అనేవాళ్లు.

నేను మెట్‌పల్లి కట్టెల అడితీకి వెళ్లి, ఆ గుమ్మడి టేకు మొద్దు ఏ ఊరి నుంచి వచ్చిందని అడిగి, అడితీ ఆయన ప్రాణం తీశాను. అదే ఊరి కట్టె తెచ్చి చేశాను. ఊహూఁ. ఎండలో పెట్టిన కట్టెతో చేశాను, నీడలో ఆరిన కట్టెతో చేశాను. పొద్దునే షాపు తీసి, బల్ల దగ్గర నిలబడలేక, రోడ్డు మీదికి పోయి, చాయ్ తాగకుండానే తిరిగొచ్చేవాణ్ని.

ఇంతలో ఎల్లారెడ్డిపేట నుంచి ఒకాయన తన బేస్ తెచ్చాడు. వెనక మూత విప్పగానే పుల్లటి వాసన గుప్పుమంది. రాజేశం గౌడ్ కాబట్టి కట్టెకు కల్లు పట్టించి ఉంటాడు, గొంతు అందుకే అలా వచ్చిందని ఎవరో చెప్పారట. ఈయన నిజంగానే బేస్‌కు కల్లు పోసి ఊరబెట్టాడు! లోపల చీమలు పుట్ట పెట్టేశాయి. రాజేశం అక్కడే ఉన్నాడు. నవ్వి నవ్వి నడుము పట్టేసి బెంచీ మీద పడిపోయాడు.

"అయ్యా, మంచి కల్లు ఖరాబ్ జేసినవు గదనే!" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. కల్లు పోసినవాడికీ, కట్టె కోసం ఊళ్లు తిరిగిన నాకూ పెద్ద తేడా ఏముందనిపించింది.

బేస్ మూగపోయింది

నేను పని మానేయడానికి ముందటి వానాకాలం. బతుకమ్మ పాటల రికార్డింగులు దగ్గరికొచ్చాయి. ఒకరోజు రాజేశం ఆటోలో దిగి, బేస్ బల్లమీద పెట్టి, "అన్నా, సప్పుడు లేదు" అన్నాడు. మీటరు పెట్టి చూశాను. చెమట లోపలికి దిగి, చుట్టలో ఎక్కడో తీగ తెగింది. వేల చుట్లలో ఎక్కడని వెతుకుతాం? విప్పి పారేసి కొత్తగా చుట్టడమే దారి.

నర్సయ్య వెంటనే చుట్టిచ్చాడు. మిషన్ మీద, లెక్క తప్పకుండా, చుట్టు పక్కన చుట్టు, వరస మీద వరస. అద్దంలా ఉంది. పైగా మోటార్లకు చేసినట్టే వార్నిష్‌లో ముంచి, బల్బు వేడికి ఆరబెట్టి గట్టిగా చేశాడు. "ఇగ నీ మనుమల కాలానికి గూడ ఏం గాదు దీనికి" అన్నాడు.

బిగించాం. రాజేశం కొద్దిసేపు వాయించాడు. దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంది స్వరం. వేలి రాపిడి లేదు, ఆ మాట లేదు. బెల్టు మెడలోంచి తీసి, నేల చూస్తూ, "మంచిగనే ఉన్నదన్నా" అన్నాడు. వాయించేవాడు నేల చూస్తూ అలా అన్నాడంటే మీ పని చెడిందని అర్థం. ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్లిపోకండి.

స్టూడియో అతను ఒక పాటలో విన్నాడు. ఇలాగైతే బేస్ కీబోర్డు మీదే కొట్టుకుంటాం, నీకెందుకు బస్సు తిప్పలు అన్నాడట. అతన్ని నేను తప్పుపట్టను. కీబోర్డులో ముసుగు స్వరాలు బోలెడు దొరుకుతాయి.

మరునాడు పద్మ నా షాపుకు వచ్చింది. ఆ మనిషి ఎప్పుడూ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు గడపలోనే నిలబడి అడిగింది.

"అన్నా, నాకు సాఫ్ చెప్పు. గది మంచిగైతదా, కాదా?"

"చూస్తున్న బిడ్డా."

"చూస్తున్న అంటె కాదు. ఆయన మెట్‌పల్లి ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చచ్చిండు. మల్ల దుబాయ్ పోతడట. నడుము సల్లగుండ, నాలుగు బకెట్లు మొయ్యలేని మనిషి అక్కడ ఏం మోస్తడు? శవమై అస్తె నేనేం జెయ్యాలె?" గడప దాటి లోపలికి వచ్చింది. "నువ్వు జేసిన డబ్బానే గదా. నీకే తెల్వదా?"

నిజం చెప్పాలంటే నాకు తెలియదు. అది పైకి అనలేక, "ఒక్క వారం ఏజెంటును ఆగమను" అన్నాను. ఆమె వెళ్లాక షాపులో ఉండలేకపోయాను.

నర్సయ్య మీద పడ్డాను. "ఏం జేసినవయ్యా అప్పుడు? గట్ల ఎందుకు చుట్టలే ఇప్పుడు?"

అతనికీ కోపం వచ్చింది. "ఇంతకన్న మంచిగ ఎవ్వడు చుడుతడు? చూపియ్యి! ఒక్క చుట్టు దాటిందా? ఒక్క పోగు లేసిందా?"

"మంచిగున్నది, అందుకే సచ్చింది! అప్పుడెట్ల చుట్టినవో గట్లనే చుట్టు."

"అప్పుడు నేను చుట్టలే."

నర్సయ్య చేతిలో ఉన్న స్టార్టర్ కింద పెట్టి, తేలిగ్గా చెప్పాడు. ఆ ఏడాది ఎండలకు మోటార్లు వరసపెట్టి కాలాయి, రైతులు షాపు ముందు కూర్చున్నారు, ఊపిరాడలేదు. సిరిసిల్ల పోయినప్పుడు తీగరీలు వాళ్లక్కకు ఇచ్చి చుట్టమన్నాడు. "నువ్వు అడగలే, నేను చెప్పలే. గా సన్నపు పని ఎవరు చుడితె ఏంది అనుకున్న" అన్నాడు.

అతని అమాయకత్వానికి కొట్టాలనిపించింది, ముద్దుపెట్టుకోవాలనీ అనిపించింది. పొద్దున బస్సుకు రాజేశం, నర్సయ్య, నేను సిరిసిల్ల బయలుదేరాం, బేస్‌తో సహా.

లచ్చవ్వ ఇంట్లో

సిరిసిల్లలో ఇప్పుడు మగ్గమంటే పవర్‌లూమే. ఆ గల్లీలో అడుగుపెడితే టకటకమని చెవులు పగిలిపోతాయి. నర్సయ్య అక్క లచ్చవ్వ ఇల్లు చివర్న ఉంది. చేతిమగ్గం వదలని ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు మిగిలారు, వాళ్లకు ఆమె ఇంకా రాట్నం మీద కండెలు చుట్టి ఇస్తుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టను కండె అంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెది అదే పని.

"ఏందిరా నర్సిగా, గింత పొద్దుగాల పటాలమంత ఎంటేసుకొని అచ్చినవు?" అన్నది.

నర్సయ్య చెప్పాడు. ఆమెకు అప్పటి సంగతి లీలగా గుర్తుంది. "ఎంటిక అసొంటి తీగ ఇచ్చిండు. రెండుమాట్ల తెగింది. ఏందిరా ఇది అంటె చెప్పనేలేడు."

"ఎట్ల చుట్టినవక్కా?" అని అడిగాను.

"ఎట్ల చుట్టుడేంది? కండె చుట్టినట్టు చుట్టిన."

నర్సయ్య తల పట్టుకున్నాడు. నేను మాత్రం రాట్నం దగ్గరికి జరిగాను. కండె మీద నూలు వరసగా పేర్చరు. రాట్నం తిరుగుతుంటే పోగు పట్టిన చెయ్యి కిందికీ మీదికీ ఆడుతూనే ఉంటుంది. పోగు అడ్డంగా, ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి దాటుకుంటూ పడుతుంది, మధ్యలో సందులుంటాయి. మగ్గంలో పోగు చిక్కుపడకుండా రావాలంటే అలాగే చుట్టాలి. రాగితీగ చుట్లు కూడా అంతే. ఒకదాన్నొకటి అంటుకుని పడుకుంటే స్వరంలోని పైపొర అక్కడే అణిగిపోతుంది. సందుల్లో దాటుకుంటూ పడితే వేలి రాపిడి కూడా బయటికి వస్తుంది. దానిమీద నర్సయ్య వార్నిష్ పోసి ఉన్న సందులు కూడా పూడ్చాడు. మోటారుకు అది ప్రాణం, దీనికి ఊపిరాడకుండా చేయడం. నర్సయ్య చేసింది తప్పు పని కాదు, వేరే వస్తువుకు చేయాల్సిన పని.

పికప్ చట్రాన్ని రాట్నం కదురుకు బిగించడానికి ఒక చెక్కముక్క చెక్కాను. చెయ్యి వణికి వేలు తెగింది. లచ్చవ్వ కళ్లద్దాలు పక్కన పెట్టేసింది. "కండ్లతోని కనబడదిది. ఏలుకే తెలుస్తది" అన్నది. తీగ వేలి మీద వేసుకుని రాట్నం తిప్పింది. కొద్దిసేపటికే పుటుక్కున తెగింది. నూలయితే ముడేస్తారు. రాగితీగను అతకాలంటే నర్సయ్య సోల్డరింగ్ పట్టుకుని వంగాలి. మళ్లీ చుట్టింది, మళ్లీ తెగింది. నర్సయ్య "అక్కా, గుంజకు! ఒక్క లైన్ మీద పో!" అని అరిచాడు.

"లెవ్వురా. బయటికి పో. నీ మోటార్లకు నేనచ్చి చెప్పిన్నా?" అని తమ్ముణ్ని గడప దాటించింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నాను. "నువ్వు గూడ తమ్మీ. గట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరిగితె నా తీగ తెగుతది. కూసో."

కూర్చున్నాను. రాజేశం గోడకు ఆనుకుని, పికప్ తీసిన ఖాళీ బేస్ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఏజెంటుకు ఇచ్చిన గడువు గురించి ఎవరం మాట్లాడలేదు. రాట్నం తిరుగుతోంది, ఆమె వేళ్లు మీదికీ కిందికీ ఆడుతున్నాయి. నాకు కాళ్లు లాగుతున్నాయి, తొడలు అదురుతున్నాయి, లేవాలంటే భయం. చుట్ల లెక్క ఆమె వేయలేదు. చట్రం నిండింది, ఆపింది. "ఇంతకన్న పట్టది" అన్నది.

చూడ్డానికి అందవికారంగా ఉంది. కొన్నిచోట్ల ఉబ్బు, కొన్నిచోట్ల లోతు. ఇంత గజిబిజి చుట్టను నా షాపులో ఎవరైనా చేసి ఉంటే మొహాన కొట్టేవాణ్ని. వార్నిష్ లేకుండా పైన కొంచెం మైనం పోసి, బేస్‌లో బిగించి, తీగలు ఎక్కించాం. వెంట తెచ్చిన చిన్న స్పీకర్ గడపలో పెట్టాం. లచ్చవ్వ అప్పటికే కొత్త కండె ఎక్కించుకుని మాకు వీపు పెట్టింది. "అయిందా? ఇగ నా పని నన్ను చేసుకోనియ్యిన్రి" అన్నది.

రాజేశం మొదటి తీగ మీటాడు. బయట పవర్‌లూముల టకటకలోంచి కూడా తేలి వచ్చింది, వేలి రాపిడి, ఆ వెంటే స్వరం. ముందు ఉన్న గొంతే అని అబద్ధం చెప్పను. అది అన్న అయితే ఇది తమ్ముడు, ఒకే ఇంటి గొంతు. నర్సయ్య గడప బయట నుంచి తొంగి చూశాడు. నేను అతని భుజం పట్టుకున్నాను.

రాజేశం తల ఎత్తలేదు. ఒక నెమ్మది నడక అందుకున్నాడు, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు వేసే అడుగు లాంటిది. అలా వాయిస్తూనే ఉన్నాడు. ఎప్పుడు మొదలైందో నాకు తెలియలేదు, రాట్నం కూడా ఆ అడుగులోకి వచ్చింది. లచ్చవ్వ మమ్మల్ని పట్టించుకోలేదు, వెనక్కి కూడా చూడలేదు. ఆమె చెయ్యి మాత్రం రాజేశం వేళ్లతో పాటు మీదికీ కిందికీ ఆడుతోంది.

రాజేశం కళ్లు నిండాయి. ఆపి, చేత్తో మొహం తుడుచుకుని, ఫోన్ తీసి పద్మకు కలిపాడు.

రాట్నం ఆగిపోయింది. లచ్చవ్వ గిరుక్కున తిరిగింది.

"ఏమైందిరా? ఎందుకాపినవు? నా చెయ్యి ఆగిపాయె!"

రాజేశం ఆమెను చూశాడు. ఫోన్‌లో పద్మ "ఏమైందయ్యా? ఏమైంది, చెప్పు" అంటూనే ఉంది. అతను ఫోన్ కట్ చేయకుండా స్పీకర్ పక్కన నేలమీద పెట్టి, మళ్లీ వాయించాడు. రాట్నం కదిలింది.

ఫోన్‌లోంచి పద్మ, "ఇగ పాస్‌పోర్టు తీస్కొని ఇంటికి రా" అన్నది.